వేసవి క్యాంపులో వాతావరణ మార్పు ప్రయోగాలు: వెనిగర్లో సుద్దముక్క వేస్తే సరిపోతుందా?

కూకట్‌పల్లి_సైన్స్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. మే మొదటి రెండు వారాల్లో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో 7, 8, 9 తరగతుల పిల్లలకు పది రోజుల సైన్స్ క్యాంపు పెడుతున్నాం. రోజుకు రెండు గంటలు. భూమి వేడెక్కితే మొక్కలకూ సముద్ర జీవాలకూ ఏమవుతుందన్నది అంశం. స్లైడ్లు వేసి పాఠం చెప్పే ఉద్దేశం లేదు. పిల్లలు చేత్తో చేసి, కొలిచి, రాసుకోవాలి.

ప్రస్తుతానికి అనుకున్నవి:

1. వెనిగర్లో సుద్దముక్క, గుడ్డు పెంకు వేసి, సముద్రం ఆమ్లంగా మారితే గవ్వలు కరిగిపోతాయని చూపించడం.
2. గోల్డ్‌ఫిష్‌ను మామూలు నీళ్లలో, తర్వాత గోరువెచ్చటి నీళ్లలో పెట్టి నిమిషానికి మొప్పలు ఎన్నిసార్లు ఆడిస్తుందో లెక్కపెట్టడం.
3. నాలుగు టమాటా మొక్కలు ఎండలో, నాలుగు గ్రీన్ నెట్ కింద. పూత ఎక్కడ రాలుతుందో చూడటం.
4. గ్లాసులో ఐసు కరిగితే నీటి మట్టం పెరుగుతుందా లేదా.

రెండు డిజిటల్ థర్మామీటర్లు, వంటింటి త్రాసు, స్కూలు మైక్రోస్కోపు ఒకటి ఉన్నాయి. పైన ఖాళీ మేడ ఉంది, పక్కన ఏసీ ఉన్న ఆఫీసు గది వాడుకోవచ్చు. మూడు వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలం.

ఇంకొకటి. పోయినసారి ఒక పిల్లాడు ఇలా అడిగాడు: "మేలో మన దగ్గర తెల్లవారుజామున 26, మధ్యాహ్నం 41. ఒక్క రోజులో పదిహేను డిగ్రీలు తేడా వచ్చినా వేపచెట్టు బాగానే ఉంది. సముద్రం ఒక్క డిగ్రీ పెరిగితే పగడాలు ఎందుకు చస్తాయి?" దీనికి మాటలతో కాకుండా ఒక ప్రయోగంతో జవాబు చెప్పడం కుదురుతుందా?

ఉప్పునీళ్లు ఇచ్చిన జవాబు

ముందు వెనిగర్ సంగతి. దాదాపు ప్రతి సైన్స్ ఫెయిర్లో ఇది కనిపిస్తుంది, పిల్లలు తప్పు మనసులో పెట్టుకుని ఇంటికెళ్తారు. బజారు వెనిగర్ పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) రెండున్నర దగ్గర ఉంటుంది. సముద్రపు పైనీటిది పరిశ్రమలు రాకముందు 8.2, ఇప్పుడు 8.1. అంటే మీ గ్లాసులో ఉన్నది సముద్రం కన్నా నాలుగు లక్షల రెట్లు ఎక్కువ ఆమ్లం. గుడ్డు పెంకు బుసబుసా పొంగడం చూసిన పిల్లాడు సముద్రం వెనిగర్ అయిపోతోందనుకుంటాడు. సముద్రం ఇంకా క్షారంగానే ఉంది, ఈ శతాబ్దం చివరికి కూడా క్షారంగానే ఉంటుంది.

మరి 0.1 తగ్గితే ఏమిటి నష్టం అంటారా? పీహెచ్ లాగరిథమ్ లెక్క కాబట్టి 0.1 తగ్గడమంటే హైడ్రోజన్ అయాన్లు సుమారు 26 శాతం పెరగడం. అవి నీళ్లలోని కార్బొనేట్‌ను పట్టుకుని బైకార్బొనేట్‌గా మార్చేస్తాయి. నత్త, ఆల్చిప్ప, పగడం గూడు కట్టుకునేది కాల్షియం కార్బొనేట్‌తో. సముద్రంలో కాల్షియానికి కొదవ లేదు, కరువయ్యేది కార్బొనేటే. గూడు వెంటనే కరిగిపోదు, అదే గూడు కట్టడానికి జీవి ఎక్కువ శక్తి ఖర్చు పెట్టాల్సి వస్తుంది. ఆ శక్తి ఎదుగుదల నుంచీ గుడ్ల నుంచీ కోసుకోవాలి. ముందు దెబ్బ తినేది పెద్ద ఆల్చిప్పలు కాదు, మొదటి పెంకు కట్టుకునే దశలో ఉన్న వాటి పిల్లలు.

దీన్ని చూపించడానికి వెనిగర్ నీళ్లలో పడకూడదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటి పైభాగం నుంచి లోపలికి దిగాలి. ఇలా చేయండి.

నకిలీ సముద్రపు నీరు: లీటరు బ్యాటరీ నీళ్లు (పెట్రోల్ బంకులో దొరికే డిస్టిల్డ్ వాటర్), 35 గ్రాముల ఉప్పు, 0.2 గ్రాముల వంటసోడా. చాలామంది ఉప్పు ఒక్కటే వేసి ఊరుకుంటారు. అప్పుడు నీటికి తట్టుకునే శక్తి ఉండదు, రంగు క్షణంలో మారిపోతుంది. సముద్రానికి ఉన్న క్షారత్వానికి దగ్గరగా తెచ్చేది ఆ చిటికెడు సోడానే. వంటింటి త్రాసు 0.2 గ్రాములు తూచలేదు కాబట్టి 10 గ్రాముల సోడాను లీటరు నీళ్లలో కరిగించి, అందులోంచి 20 మిల్లీలీటర్లు తీసి కలపండి. సోడా అంటే వంటసోడానే, బేకింగ్ పౌడర్ కాదు. బేకింగ్ పౌడర్లో ఆమ్లం కూడా కలిసే ఉంటుంది.

రంగు కోసం ఫినాల్ రెడ్. స్విమ్మింగ్ పూల్ టెస్ట్ కిట్‌లో చుక్కల సీసాగా దొరుకుతుంది. పీహెచ్ 8 పైన ఎర్ర గులాబీ, ఏడున్నర దగ్గర నారింజ, 6.8 కింద పసుపు. ఎర్ర క్యాబేజీ రసం చౌకే గానీ 8 నుంచి 7 మధ్య తేడా కంటికి సరిగా తెలియదు.

సన్నటి, పొడవాటి రెండు గాజు గొట్టాల్లో చెరి 20 మిల్లీలీటర్ల నీరు, పదేసి చుక్కల రంగు. ఒకటి బయట ఉంచండి. రెండోదాన్ని పది లీటర్ల పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి, పక్కనే గిన్నెలో 100 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి, 5 గ్రాముల సోడా వేసి మూత కప్పండి. క్లిప్పులు బిగించొద్దు, సుమారు లీటరున్నర గ్యాసు పుడుతుంది, దానికి దారి ఉండాలి. గిన్నె పెద్దదిగా ఉండాలి, లేకపోతే నురగ పొంగి తుంపర గొట్టంలో పడుతుంది, ఆ తర్వాత కనిపించేదంతా అబద్ధమే.

ఇక గొట్టం మీదే కళ్లు పెట్టమనండి. ముందు పైపొర నారింజకు తిరుగుతుంది. తర్వాత పసుపు రంగు తీగలు తీగలుగా కిందికి జారడం మొదలవుతుంది, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ కరిగిన నీరు కాస్త బరువెక్కుతుంది. డబ్బాను కదిపితే తీగలు చెదిరిపోతాయి. తెల్ల కాగితం వెనకాల పెడితే ఫోన్ కెమెరాకు బాగా అందుతుంది.

ఒక నిజం మాత్రం దాచకుండా చెప్పాలి. ఆ డబ్బాలో కార్బన్ డయాక్సైడ్ పది శాతం పైనే ఉంటుంది. బయటి గాలిలో పది లక్షల పాళ్లకు 420 పాళ్లు దాటి ఉంది, పారిశ్రామిక యుగానికి ముందు 280. అంటే వందల రెట్లు పెంచి చూపిస్తున్నాం. దిశ సరైనదే, వేగం కాదు.

బోరు నీళ్లు వాడొద్దు. మన హైదరాబాద్ బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, రంగు మొండికేస్తుంది. కావాలంటే మూడో గొట్టంలో పోసి పెట్టండి, నీటి "తట్టుకునే శక్తి" అంటే ఏమిటో అదే చెబుతుంది.

చల్లనీరు

గోల్డ్‌ఫిష్ వద్దండి. పిల్లల ముందు చేపను ఇబ్బంది పెట్టడం ఒకటైతే, కొలత కూడా నమ్మకమైంది కాదు. గిన్నె మార్చిన భయానికే మొప్పలు వేగంగా ఆడతాయి. అది వేడి వల్లో కంగారు వల్లో మీరు తేల్చలేరు.

చేప లేకుండా చేప కష్టాన్ని రెండు ముక్కలుగా చూపించవచ్చు: వేడి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, అదే వేడికి శరీరం ప్రాణవాయువును ఎక్కువ అడుగుతుంది.

మొదటి ముక్క. మంచినీరు గాలితో సమతూకంలో ఉన్నప్పుడు లీటరుకు ఇంత ఆక్సిజన్ పట్టుకుంటుంది: 10 డిగ్రీల దగ్గర 11.3 మిల్లీగ్రాములు, 20 దగ్గర 9.1, 30 దగ్గర 7.6, 40 దగ్గర 6.4. ఇది సముద్ర మట్టం లెక్క. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఆరు శాతం దాకా తగ్గించుకోండి. ఉప్పునీరైతే ఇంకో ఐదో వంతు దాకా తక్కువ.

అక్వేరియం షాపుల్లో చుక్కల ఆక్సిజన్ కిట్ దొరుకుతుంది. ఒక సీసా నీళ్లు ఫ్రిజ్‌లో, ఒకటి మేడ మీద ఎండలో పెట్టండి. తీసిన వెంటనే కొలవకండి. మూత పెట్టిన సీసాలో వేడెక్కిన నీరు పాత ఆక్సిజన్‌ను పట్టుకునే ఉంటుంది, అప్పుడు తేడా ఏమీ కనిపించదు. రెండింటినీ ఒక మగ్గులోంచి ఇంకో మగ్గులోకి ఇరవై సార్లు ఎత్తిపోసి, బుడగలు పోయాక, కిట్ సీసాను అంచుదాకా నింపి, లోపల ఒక్క బుడగ లేకుండా మూత పెట్టండి. కిట్ రంగు పట్టీ ఒక మిల్లీగ్రాము తేడా కన్నా సన్నగా చెప్పదు. కాబట్టి 28కీ 32కీ పోల్చి లాభం లేదు, 10కీ 40కీ పోల్చండి.

రెండో ముక్కకు బేకరీ ఈస్ట్ చాలు. మీ పిల్లాడి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఐదు గాజు సీసాలు, ఒక్కోదాంట్లో 250 మిల్లీలీటర్ల నీరు, 10 గ్రాముల పంచదార, 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్. థర్మోకోల్ డబ్బాల్లో 20, 30, 40, 50, 60 డిగ్రీల నీళ్లు పోసి సీసాలు నిలబెట్టండి. ఐదు నిమిషాలు ఆగాకే మూతికి బెలూన్ తొడగాలి. ముందే తొడిగితే సీసాలోని గాలి వేడికి వ్యాకోచించి బెలూన్‌ను ఉబ్బిస్తుంది, పిల్లలు అది ఈస్ట్ పనే అనుకుంటారు. అరగంట తర్వాత బెలూన్ చుట్టుకొలత దారంతో కొలవండి. నీళ్లు చల్లారుతుంటాయి, పది నిమిషాలకోసారి వేడినీళ్లు కలపాలి.

గ్రాఫ్ గీస్తే 20 నుంచి 40 దాకా గీత నిదానంగా ఎక్కుతుంది. 50 దగ్గర చతికిలపడుతుంది, 60 దగ్గర బెలూన్ లేవదు. ఎక్కేటప్పుడు వాలు, దిగేటప్పుడు గోడ. దాదాపు ప్రతి జీవికీ గీత ఇలాగే ఉంటుంది, మారేది అంకెలే. ఇప్పుడు ప్రశ్న ఎంత డిగ్రీలు పెరిగిందని కాదు, ఆ గోడకు ఎంత దూరంలో నిలబడి ఉందని.

వేపచెట్టు గోడకు దూరంగా ఉంది. పైగా 41 అన్నది గాలి వేడి, నీరందే ఆకు చెమటోడ్చి తనను తాను కాస్త చల్లబరుచుకుంటుంది, రాత్రి 26కి దిగుతుంది. ఉష్ణమండల సముద్రంలో ఏడాది పొడవునా తేడాయే కొద్ది డిగ్రీలు. అక్కడి పగడం ఆ ఇరుకు మధ్యే, గోడ అంచునే అలవాటు పడి బతుకుతోంది. నీరు వేడెక్కితే రాత్రికి చల్లారదు, వారాల తరబడి అలాగే ఉంటుంది. పగడం లేచి ఇంకోచోటికి పోలేదు.

పగడంలో జరిగేది ఇది. దాని కణాల్లో సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. పగడం తిండిలో 90 శాతం దాకా అవి కిరణజన్య సంయోగక్రియతో చేసిపెట్టేదే. వేడి, ఎండ కలిసి ఎక్కువైతే వాటి యంత్రాంగం దెబ్బతిని, కణాలను తగలబెట్టే రకం ఆక్సిజన్ రూపాలు పుడతాయి. పగడం వాటిని బయటికి తోసేస్తుంది. రంగు ఆ శైవలాలది కాబట్టి తెల్లటి అస్థిపంజరం బయటపడుతుంది. తెల్లబడ్డ రోజే చచ్చినట్టు కాదు. కొన్ని వారాల్లో నీరు చల్లబడితే శైవలాలు తిరిగి చేరతాయి. చల్లబడకపోతే ఆకలితో పోతుంది.

దీన్ని కొలిచే పద్ధతిని పిల్లలు కాగితం మీదే చేయగలరు. ఆ చోట ఏడాదిలో అత్యంత వేడి నెల సగటును ఆధారంగా తీసుకుంటారు. దానికన్నా ఒక డిగ్రీ, ఆపైన పెరిగిన వారాలనే లెక్కేస్తారు, పన్నెండు వారాల వరకు కూడుతూ పోతారు. ఉదాహరణకు ఆధారం 29.5 అనుకోండి. మొదటి వారం 30.2 అయితే తేడా 0.7, లెక్కలోకి రాదు. తర్వాతి వారాలు 30.6, 31.0, 31.2. తేడాలు 1.1, 1.5, 1.7, మొత్తం 4.3. ఈ మొత్తం 4 దాటితే తెల్లబడటం గట్టిగా మొదలవుతుంది, 8 దాటితే చావులు. వేడి ఎంత అన్నదే కాదు, ఎన్నాళ్లు అన్నది కూడా ఇందులో ఉంది. మీ ప్రశ్నలో ఒక్క డిగ్రీ అన్నది ఇక్కడి నుంచే వచ్చింది.

ఈ లెక్కలు వేసే సంస్థ ఇన్‌కాయిస్ మీ పక్కనే ప్రగతినగర్‌లో ఉంది. సముద్రం లేని ఊళ్లో సముద్ర సమాచార కేంద్రం! అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల పగడాలకు హెచ్చరిక మ్యాపులు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల మ్యాపులు ప్రింటు తీసి గోడకు అంటించండి. మన కోస్తాలో పగడపు దిబ్బలు ఎందుకు లేవని అడుగుతారు, తప్పకుండా. గోదావరి, కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు, మంచినీరు వాటికి పడవు.

పుప్పొడి

మొక్కల విషయం నేను అందుకుంటాను. మూడో ప్రయోగం అనుకున్నట్టుగా చేస్తే రెండు చోట్ల తప్పు పోతుంది.

ఒకటి, టైము. టమాటాలో వేడికి అందరికన్నా ముందు చెడేది పుప్పొడి. అది తయారయ్యేది పువ్వు విచ్చుకోవడానికి వారం, పది రోజుల ముందు, మొగ్గ చిన్నగా ఉన్నప్పుడు. క్యాంపు మొదటి వారంలో విచ్చుకునే పూల రాత ఏప్రిల్ చివరి ఎండలోనే రాసి ఉంటుంది. మీరు పదో రోజున చూసే ఫలితం మీరు పెట్టిన తేడాది కాదు.

రెండు, నెట్. గ్రీన్ నెట్ వేడినే కాదు వెలుగునూ తగ్గిస్తుంది. 50 శాతం నెట్ కింద మొక్క సాగి, వెలుగు చాలక పూత రాల్చవచ్చు. పైగా టమాటాకు పగటి ఎండ కన్నా రాత్రి ఉక్క ఎక్కువ చేటు. పగలు 32, రాత్రి 21 దాటినప్పటి నుంచే పిందె పట్టడం తగ్గుతుంది. మేలో మేడ మీద నెట్ కింద కూడా రాత్రి 26 పైనే. అంటే మీ రెండు గుంపులూ ఓడిపోయినవే, పోల్చడానికి గెలిచిన గుంపు లేదు.

ఇప్పటినుంచే మొదలుపెట్టగలిగితే, మొగ్గలు కనిపిస్తున్న ఆరు మొక్కలు 12 అంగుళాల గ్రో బ్యాగుల్లో తీసుకోండి. పగలంతా ఆరూ ఒకే 35 శాతం నెట్ కింద. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా మూడింటిని 21 డిగ్రీలకు పెట్టిన ఏసీ గదిలోకి మార్చండి, మూడు మేడ మీదే. మూడు వారాలు. అప్పుడు తేడా రాత్రి వేడిదే. నల్ల కవర్ల బ్యాగులైతే తెల్ల గుడ్డ చుట్టండి, లేకుంటే మట్టే 40 దాటి వేర్లు ఉడుకుతాయి, అది ఇంకో గొడవ. పొద్దున పది లోపు పూలను భూతద్దంతో చూడమనండి. టమాటా పువ్వు మధ్యలో పసుపు గొట్టంలా పరాగకోశాలుంటాయి. మామూలుగా కీలాగ్రం ఆ గొట్టం లోపలే దాక్కుంటుంది. వేడి తగిలిన పువ్వులో కీలం సాగి, ఆకుపచ్చటి గుండుసూది తల గొట్టం దాటి బయటికి పొడుచుకొస్తుంది. ఇక సొంత పుప్పొడి దాని మీద పడదు. పిల్లలు కంటితో చూసి లెక్కపెట్టగల సాక్ష్యం ఇది.

అంత ముందుగా కుదరకపోతే పుప్పొడినే సూటిగా పరీక్షించండి. లీటరు బ్యాటరీ నీళ్లలో 1 గ్రాము బోరిక్ యాసిడ్ (మెడికల్ షాపు), 3 గ్రాముల కాల్షియం నైట్రేట్ (మొక్కల ఎరువుల షాపు) కరిగించి పెట్టుకోండి. అందులో 10 మిల్లీలీటర్లు, నీళ్లు 90, పంచదార 10 గ్రాములు కలిపితే పుప్పొడి మొలిచే ద్రవం తయారు. స్లైడ్ మీద ఒక చుక్క, అందులో పుప్పొడి. టమాటా పువ్వు కాడకు ఎలక్ట్రిక్ టూత్ బ్రష్ వెనకభాగం ఆనిస్తే పొడి రాలుతుంది, పొద్దున ఎనిమిది, పది మధ్య తీయాలి. స్లైడ్లను తడి టిష్యూ పరిచిన టిఫిన్ డబ్బాలో పెట్టి మూత వేయండి. ఒక డబ్బా ఏసీ గదిలో 25 దగ్గర, ఒకటి హాల్లో, ఒకటి థర్మోకోల్ పెట్టెలో వేడినీళ్ల సీసా పక్కన 40 దగ్గర. రెండు గంటలయ్యాక 100 రెట్లు పెద్దదిగా చూపే లెన్స్ కింద వంద గింజలు లెక్కపెట్టి, గింజ వెడల్పుకన్నా పొడవైన గొట్టం వచ్చిన వాటినే మొలిచినవిగా రాయండి. చుక్క ఆరిపోతే ద్రవం చిక్కబడి గొట్టం రాదు. పంచదార తక్కువైతే గింజలు పగిలి చిమ్ముతాయి, దాన్ని మొలక అనుకోవద్దు. టమాటా పూలు దొరకని రోజు బిళ్ళగన్నేరు పుప్పొడితో చేతివాటం నేర్చుకోవచ్చు.

పది రోజుల్లో ఖాయంగా ఫలితమిచ్చేది ఇంకొకటుంది, ఖర్చు యాభై రూపాయలు. రైతుబజార్లో అడుగున అప్పుడే రంగు తిరుగుతున్న దోర టమాటాలు ఇరవై ఏరండి. పది ఏసీ గదిలో 22 నుంచి 25 మధ్య, పది మేడ మీద నీడలో గాలి ఆడే అట్టపెట్టెలో. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంటే సరిగా తయారు కాదు, పసుపు కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. మేడ మీదవి నారింజ పసుపు దగ్గరే ఆగిపోయి మెత్తబడతాయి. నేరుగా ఎండ తగిలితే తోలు తెల్లగా కమిలిపోతుంది, అది వేరే జబ్బు. చల్లటి గుంపును ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, 12 డిగ్రీల కింద కూడా పండు రంగు తిరగదు.

వరి సంగతి ఒక్క ముక్క. వరి పూత పొద్దున పది, పన్నెండు మధ్య గంటా రెండు గంటలు విచ్చుకుంటుంది. ఆ కాసేపు 35 దాటితే తాలు గింజలు పెరుగుతాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలు 2004లో వచ్చాయి: ఎండాకాలపు పంటకు రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పది శాతం తగ్గింది. పగటి వేడితో అంత సంబంధం కనిపించలేదు.

చేవెళ్ల_తోట

కార్బన్ డయాక్సైడ్ మొక్కకు తిండే కదా? పాలీహౌస్‌లో కావాలని వదులుతారు కూడా. పిల్లలకు ఒకవైపే చెబుతున్నట్టు లేదా?

పుప్పొడి

సరైన ప్రశ్నే, క్యాంపులో కూడా పెట్టండి. వరి, టమాటా, వేరుశనగ లాంటి సీ3 మొక్కలకు (కార్బన్ డయాక్సైడ్‌ను ముందుగా పోగేసుకోకుండా నేరుగా వాడుకునే రకం) నిజంగానే లాభం ఉంది, ఎదుగుదల పెరుగుతుంది. మొక్కజొన్న, జొన్న, సజ్జ, చెరుకు, తోటకూర సీ4 రకం. వాటికి కార్బన్ డయాక్సైడ్‌ను లోపల పోగేసుకునే ఏర్పాటు ముందే ఉంది, కాబట్టి కొత్తగా కలిసొచ్చేది తక్కువ. కాకపోతే వేడికి అవే బాగా తట్టుకుంటాయి.

చిక్కు ఎక్కడంటే, ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌లో పెరిగిన వరి, గోధుమల్లో ప్రొటీన్, జింక్, ఇనుము తగ్గుతున్నట్టు పొలం ప్రయోగాల్లో తేలింది. పాలీహౌస్ రైతు గ్యాసుతో పాటు నీళ్లు, ఎరువు, చల్లదనం అన్నీ ఇస్తాడు. బయట గ్యాసు ఒక్కటే రాదు, వేడిని వెంటబెట్టుకుని వస్తుంది. పుప్పొడి చచ్చాక ఆకు ఎంత పెరిగినా కాయ లేదు.

మొలకల పరీక్ష పెట్టాలనుకుంటే ధనియాలు, తోటకూర విత్తనాలు తడి టిష్యూలో పాతికేసి, ఏసీ గదిలో ఒక జత, మేడ నీడలో ఒక జత. ధనియాలు రెండుగా నలిపి వేయాలి. వేడిలో తోటకూర మూడు రోజుల్లో వచ్చేస్తుంది, కొత్తిమీర మొరాయిస్తుంది. ఎండాకాలం కొత్తిమీర కట్ట ధర ఎందుకు పెరుగుతుందో తెలుస్తుంది. అయితే ఇది మొలకెత్తే గుణం, సీ3, సీ4 తేడాకు రుజువు కాదు. రెండూ కలిపి చెప్పొద్దు.

అలమీద_గాలి

నాలుగోది, ఐసు. తేలే ఐసు కరిగితే మట్టం పెరగదు, రాయి మీద ఐసు కరిగి నీళ్లలో పడితే పెరుగుతుంది. ఐదు నిమిషాల పని, చేసేసి వదిలేయండి. జీవాలతో దానికి నేరుగా సంబంధం తక్కువ. దాని బదులు పొరల ప్రయోగం పెట్టండి, చేపల సంగతంతా అందులోనే ఉంది.

పొడవాటి పారదర్శక డబ్బా. మధ్యలో అట్టముక్కకు ప్లాస్టిక్ చుట్టి, అంచులకు బంకమట్టి (ప్లే డో అయినా సరే) పూసి అడ్డుగోడ కట్టండి. ఒకవైపు లీటరు ఐసునీళ్లలో నీలం రంగు, ఇంకోవైపు లీటరు 45 డిగ్రీల నీళ్లలో ఎరుపు. అట్టను నిలువుగా, నిదానంగా పైకి లాగండి. నీలం కిందికి, ఎరుపు పైకి జారి రెండు పొరలుగా నిలుస్తాయి. ఇప్పుడు పైనుంచి చిన్న ఫ్యానుతో గాలి కొట్టండి. పైపొర ఆడుతుంది, నీలం పైకి రాదు. పక్కన ఇంకో డబ్బాలో రెండువైపులా ఒకే వేడి నీళ్లు పోసి ఇదే చేస్తే క్షణాల్లో ఊదారంగు. అట్టను గబుక్కున లాగితే అక్కడే కలిసిపోతాయి, ఎక్కువమంది దగ్గర చెడేది ఇదే.

నీలాన్ని ఎరువు అనుకోమనండి. సముద్రంలో పోషకాలు అడుగున ఉంటాయి, వెలుగు పైన ఉంటుంది. గాలి అడుగు నీటిని పైకి తిప్పితేనే సూక్ష్మ వృక్షప్లవకాలు పెరుగుతాయి, వాటిని తిని చిన్న చేపలు, వాటిని తిని పెద్దవి. పైపొర వేడెక్కేకొద్దీ ఈ మూత బిగుస్తుంది, అడుగుకు ఆక్సిజన్ దిగడం కూడా తగ్గుతుంది. మన బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి నీళ్లు పైన తేలి ఈ మూత ముందే ఉంది. అందుకే అరేబియా సముద్రమంత పండదు. పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాల్లో వృక్షప్లవకాలు 20 శాతం దాకా తగ్గాయని 2016లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

చేపలు చోటు మారడం ఇప్పటికే నమోదైంది. నూనె కవళ్లు ఒకప్పుడు ప్రధానంగా కేరళ, కర్ణాటక తీరపు చేప. నీరు వేడెక్కాక ఉత్తరానికీ, తూర్పు తీరానికీ విస్తరించాయి. కానాగంతలు లోతుకు దిగుతున్నాయి. కదలగలిగినవి కదులుతున్నాయి, పగడం, మడచెట్టు కదలలేవు.

మృగశిర కార్తె చేపలతో ముడిపెట్టి చెప్పాలనుకుంటే ఒక జాగ్రత్త. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది. ఆ రోజున హైదరాబాద్ బజార్లో అమ్మేవాటిలో ఎక్కువ చెరువు చేపలే. వాటికి పైన "చల్లనీరు" చెప్పిన ఆక్సిజన్ లెక్క సరిపోతుంది. ఎండాకాలం తెల్లవారుజామున చెరువుల్లో చేపలు చచ్చి తేలేది అందుకే: రాత్రంతా పాచి కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది, వేడి నీటిలో ఉన్నదే తక్కువ.

కూకట్‌పల్లి_సైన్స్

చాలా చాలా థ్యాంక్స్ అండీ. వెనిగర్ గ్లాసు, గోల్డ్‌ఫిష్ రెండూ తీసేస్తున్నాను. డబ్బా గొట్టాలు, ఈస్ట్, పగడాల లెక్క, దోర టమాటాలు, పుప్పొడి, పొరలు పెడతాను. ఆరు గ్రో బ్యాగులు ఈ వారమే తెస్తాను. ఒకటే సందేహం: ఈస్ట్, ఆక్సిజన్ ఒకే రోజు పెట్టొచ్చా?

చల్లనీరు

పెట్టొచ్చు, కానీ ఈస్ట్ ముందు. అరగంట ఆగాల్సిన టైములో ఆక్సిజన్ కొలతలు అయిపోతాయి. ఆక్సిజన్ కిట్‌లో ఘాటైన క్షారం, ఆమ్లం చుక్కలుంటాయి, చుక్కలు మీరే వేయండి, పిల్లలు రంగు చదివితే చాలు. ఆ వాడిన నీళ్లు ఈస్ట్ సీసాల సింకులో పోయకుండా వేరే బకెట్లో పట్టండి. ఫినాల్ రెడ్, ఆక్సిజన్ కిట్ రెండూ కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. ఎండలో ఉన్న షాపు అద్దాల బీరువాలోంచి తీసినవైతే ముందు ఇంట్లో ఒకసారి ఎత్తిపోసిన పంపు నీళ్లతో చూసుకోండి. 28 డిగ్రీల దగ్గర 7కీ 8కీ మధ్య రాకపోతే ఆ కిట్ మార్చండి.